సాక్షిగా నోటీసు అందినప్పుడు: విజయవాడలో నా అనుభవం

నేను గవర్నర్‌పేటలోని ఒక ముద్రణాలయంలో లెక్కలు చూస్తాను. ఒక రాజకీయ అవినీతి కేసు దర్యాప్తులో భాగంగా, మేము ఎన్నికలప్పుడు అచ్చువేసిన కరపత్రాలకు సంబంధించిన ‘అన్ని రికార్డులతో’ విచారణకు రావాలని నా పేరిట నోటీసు వచ్చింది. తెలిసిన న్యాయవాది దాన్ని చదివి, “అమ్మా, ఇది నేర విచారణ పద్ధతిని చెప్పే చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 179వ సెక్షన్ కింద ఇచ్చినది, అంటే మీరు సాక్షి మాత్రమే. 35(3) అని ఉంటే సంగతి వేరు, అది అనుమానితులకు ఇచ్చేది” అన్నారు. ఆ మాటతో ఇంట్లో అందరి భయమూ సగం తగ్గింది.

ఆ 179వ సెక్షన్ ప్రకారమే స్త్రీలను, పదిహేనేళ్లలోపు, అరవై ఏళ్లు దాటిన పురుషులను వారి నివాసంలోనే విచారించాలి. ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ సత్పతి కేసులో, మహిళను స్టేషన్‌కు పిలిపించడాన్ని సుప్రీంకోర్టు 1978లోనే తప్పుపట్టింది. నేను ఆ నిబంధన ఉటంకిస్తూ జవాబు రాయగా, అధికారులు అభ్యంతరం చెప్పకుండా ఇంటికే వచ్చారు.

అసలు శ్రమంతా కాగితాల దగ్గరే. పత్రాలు అడిగే అధికారం అదే సంహితలోని 94వ సెక్షన్‌ది. అయితే ‘అన్ని రికార్డులు’ అంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఏ కాలానివి, ఏ ఖాతాదారువి కావాలో తెలపమని రాతపూర్వకంగా కోరాను. ఇలా కోరడం ధిక్కారం కాదని నా గట్టి నమ్మకం. వాటర్‌గేట్ అనే రాజకీయ కుంభకోణంలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ తన సంభాషణల టేపులు ఇవ్వనన్నప్పుడు, అమెరికా సుప్రీంకోర్టు 1974 జులై 24న 8-0తో ఇవ్వాల్సిందేనంది. కానీ అడిగినవి కేసుకు సంబంధించినవేనా, ఏవేవి కావాలో నిర్దిష్టంగా చెప్పారా అని పరిశీలించిన తర్వాతే ఆ మాట అంది. ఆగస్టు 9న ఆయన పదవి వదిలారు. అంతటివాడికి వర్తించిన బాధ్యతా, అంతటివాడి విషయంలో పాటించిన కొలతా మాలాంటివారికీ ఉండాలి.

వివరణ వచ్చాక బిల్లులు, డెలివరీ చలాన్లు, బ్యాంకు జమలు, ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ ప్రకారం ప్రచురణకర్త ఇద్దరి ధ్రువీకరణతో ఇచ్చిన ప్రకటనలు వరుసగా పేర్చి, పేజీ సంఖ్యలతో జాబితా రాశాను. ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లోని దత్తాంశానికి భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ధ్రువపత్రం కావాలి. అందులో ‘ఎ’ భాగం నేను నింపాను, ‘బి’ భాగం నిపుణుడు నింపారు. అసలు పత్రాలు అప్పగించి, జిరాక్సులు ఉంచుకుని, జాబితా మీద సంతకంతో రసీదు తీసుకున్నాను.

వాంగ్మూలం చదివి వినిపించినప్పుడు ఒక వాక్యం దగ్గర ఆపమన్నాను. ‘ఫలానా నాయకుడు డబ్బు చెల్లించారు’ అని ఉంది. నాకు తెలిసింది సొమ్ము ఏ ఖాతా నుంచి వచ్చిందో అంతవరకే. ఎవరు పంపించారో నేను చూడలేదు. ఆ నాయకుడి మీద నాకు అభిమానమూ లేదు, ద్వేషమూ లేదు, కాని చూడనిది చూశానని నా నోట పలికించకూడదు. అధికారి ఆ వాక్యాన్ని మార్చారు. నాగరిక్ సురక్షా సంహిత 181వ సెక్షన్ ప్రకారం పోలీసులకిచ్చే వాంగ్మూలంపై సాక్షి సంతకం తీసుకోకూడదు, నన్నూ అడగలేదు.

అభియోగపత్రంలోని సాక్షుల జాబితాలో నా పేరుంటే కోర్టు నుంచి సమన్లు వస్తాయి. అప్పుడు ప్రమాణం చేసి చెప్పాల్సింది కూడా ఆ ఖాతా సంఖ్య వరకే.