నోత్రదామ్ టవర్‌లో గంటల కన్నా ముందు చూడాల్సింది

పారిస్‌లోని నోత్రదామ్ చర్చి టవర్లు ఎక్కాలంటే టైమ్ స్లాట్‌తో టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. 2019 అగ్నిప్రమాదం తర్వాత 2025 సెప్టెంబరులో మళ్లీ తెరిచినప్పుడు ధర 16 యూరోలు. మెట్లు 424, లిఫ్ట్ లేదు. చర్చి లోపలికి వెళ్లడం ఉచితం, కానీ ఆ క్యూ వేరు. అందులో నిలబడి స్లాట్ పోగొట్టుకోవద్దు. టవర్ దారి, చర్చికి ఎదురుగా నిలబడితే కుడిచేతి వైపున్న దక్షిణ టవర్ అడుగున ఉంటుంది.

ఆ టవర్‌లో కొత్తగా కట్టిన ఓక్ చెక్క మెట్లు ఒకదాన్నొకటి చుట్టుకున్న రెండు వరుసలు. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఎదురుపడరు. ఫొటోలన్నీ అక్కడే అయిపోతున్నాయి. కొంచెం ఓపిక గంటల గదికి దాచుకోండి.

అక్కడ ఉన్నవి రెండు పెద్ద గంటలు. ఎమ్మాన్యుయేల్ 17వ శతాబ్ది చివర్లో తిరిగి పోతపోసినది, దాదాపు 13 టన్నులు, నోటి వ్యాసం 2.6 మీటర్లు, నాలుక ఒక్కటే 500 కిలోల దాకా. ఫ్రెంచి విప్లవంలో మిగతా గంటల్ని కరిగించేశారు, ఇదొక్కటి బతికింది. పక్కనే మేరీ, 2012లో నెదర్లాండ్స్‌లో పోసినది, 6 టన్నులు. అందరూ గంట దగ్గరే ఆగిపోతారు. మేం ఎక్కువసేపు చూసింది దాన్ని మోస్తున్న ఓక్ దూలాల చట్రాన్ని.

మన గుడి గంట కదలదు, నాలుకనే లాగి కొడతాం. ఇక్కడ గంటే ఉయ్యాలలా ఊగుతుంది, నాలుక వెనకాలే వచ్చి తగులుతుంది. చిక్కంతా ఆ ఊపులోనే ఉంది. గంట కిందికి దిగే క్షణంలో చట్రం మీద పడే భారం దాని అసలు బరువుకు రెట్టింపు దాకా పోతుంది. పక్కలకు తోసే బలం కూడా తక్కువేం కాదు, ఊపు పెద్దదైతే గంట బరువుకు దగ్గరగా వస్తుంది. అది ఒకే లయలో అటూ ఇటూ పడుతూ ఉంటుంది. ఆ లయ టవర్ సహజంగా కదిలే లయతో కలిసిందా, సరైన సమయంలో తోసిన ఉయ్యాలలాగే గోడ ఊపు పెరుగుతూ పోతుంది. సున్నంతో కట్టిన రాతిగోడ బరువు మోస్తుంది గానీ అలాంటి ఊపు భరించలేదు, అతుకులు విడిపోతాయి.

అందుకే చట్రాన్ని టవర్ లోపల మరో కట్టడంలా నిలబెట్టారు. అడుగున రాతి అంచుల మీద కూర్చుంటుంది, ఆపైన గోడకు ఆనదు. నిలువు స్తంభాలు, అడ్డదూలాలు, వాటి మధ్య ఎక్స్ ఆకారంలో ఏటవాలు కర్రలు. పక్కతోపును పట్టి కిందికి దించేవి ఈ ఏటవాలు కర్రలే. దూలం చివర చెక్కిన కుసి మరో దూలం బెజ్జంలోకి దిగుతుంది, అడ్డంగా కర్ర చీల. ఆ అతుకుల్లో వెంట్రుకవాసి కదలిక ఉంటుంది, ఊపును కొంత మింగేది అదే.

పాడయ్యేదీ అక్కడే. కర్ర ఎండి కుంచించుకుంటే అతుకు వదులై, గంట మోగినప్పుడల్లా కిర్రుమంటుంది. అప్పుడు తోచే తేలిక మందు, చట్రానికీ గోడకూ మధ్య చెక్క ముక్కలు బిగించడం. ఇంతకన్నా తప్పు పని లేదు. కిర్రు ఆగుతుంది, తోపు మాత్రం నేరుగా రాతికి పోతుంది. చేయాల్సింది అతుకుల్ని బిగించడం, చీలలు మార్చడం. రెండో శత్రువు వాన. కిటికీల్లో వాలుగా అమర్చిన పలకలు శబ్దాన్ని కిందికి పంపుతాయి, వానను ఆపుతాయి. ఒక పలక ఊడినా తడి చేరేది దూలం చివరికే, కుళ్లు మొదలయ్యేదీ అక్కడినుంచే. ఏ పాత టవర్ ఎక్కినా ముందు ఆ చివరలు చూడండి.

2019 ఏప్రిల్ 15 రాత్రి ప్రమాదం ఎంత దగ్గరికి వచ్చిందో ఈ చట్రం చూస్తేనే అర్థమవుతుంది. కప్పు నుంచి మంట ఉత్తర టవర్‌లోని చట్రానికి పాకింది. అక్కడ ఎనిమిది గంటలు, అన్నీ కలిపి 16 టన్నుల పైచిలుకు. చట్రం కాలితే గంటలు కూలతాయి, వాటి దెబ్బకు టవర్, దానితోపాటు రెండోదీ పడిపోవచ్చు. అందుకే అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలకు తెగించి టవర్ లోపలికే ఎక్కి మంటను ఆర్పారు.

ఆ ఎనిమిదిటినీ 2023లో దించారు. నార్మండీలో వాటిని పోసిన వర్క్‌షాపుకే పంపి శుభ్రం చేయించారు. ఈలోగా చట్రాన్ని బాగుచేసి, 2024 సెప్టెంబరులో గంటల్ని వెనక్కి తెచ్చారు. 2024 నవంబరు 8న ఒక్కొక్కటిగా మొదలుపెట్టి చివరికి ఎనిమిదీ కలిపి మోగించారు.

ఎమ్మాన్యుయేల్ మాత్రం రోజూ మోగదు, పెద్ద పండుగలకూ అరుదైన సందర్భాలకే. అది వినాలంటే ముందు చర్చి క్యాలెండర్ చూసుకుని, టవర్ మీద కాకుండా సెయిన్ నది అవతలి గట్టున నిలబడండి.