అడుగు లేని గుంత

నిరుడు వేసవిలో కావలిలో ఇల్లు కొన్నప్పుడు దస్తావేజులు, ఈసీ (ఆస్తిపై తాకట్టులు, లావాదేవీలు చూపే పత్రం), గోడలు, కప్పు అన్నీ తెలిసినవారితో చూపించుకున్నాము గాని, పెరట్లోని సెప్టిక్ ట్యాంకు మూత తీయించి చూడాలన్న ఆలోచన మాకెవరికీ రాలేదు. కార్తీకంలో వాయుగుండం పట్టి నాలుగు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసిన తరువాత, మరుగుదొడ్డిలో పోసిన నీళ్లు దిగకపోగా స్నానాలగది తూములో నుండి మురుగు పైకి తన్నింది. ట్యాంకరును పిలిపించి తోడిస్తే మూడో రోజుకే మళ్లీ నిండింది. రెండు అరల ట్యాంకు అని అమ్మినాయన చెప్పినది నిజానికి అడుగు లేని సిమెంటు వరల గుంత; భూగర్భజలం పైకి వచ్చినప్పుడల్లా ఊట దానిలోకే చేరుతోంది. మడ్డి అడుగున పేరుకొని, తేరిన నీరు మాత్రమే ఇంకుడుగుంతకు పోవలసిన ఏర్పాటే అక్కడ లేదు. అంతకన్నా నన్ను కలవరపెట్టినది, గుంతకు పన్నెండు అడుగుల దూరంలోనే ఉన్న మా బోరు. (ఆరు నెలలుగా ఆ నీటితోనే అంట్లు తోముకున్నాము.)

మనిషిని దించి తక్కువ ఖర్చుతో శుభ్రం చేయిస్తానని ఒక మేస్త్రీ ముందుకొచ్చాడు. రక్షణ సామగ్రి లేకుండా అలా దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించిందన్నది అలా ఉంచి, ఆ విషవాయువుల్లోకి ఒకరిని దిగమనడానికి నాకు నోరు రాలేదు. సంక్రాంతి దాటి నేల ఆరిన తరువాత, బోరుకు దూరంగా కొత్త ట్యాంకు కట్టించాము. అమ్మినాయన మాత్రం "మాకెన్నడూ ఆ ఇబ్బంది రాలేదే" అన్నారు. ఆ ఇంటికి నాలుగేళ్లుగా తాళం వేసి ఉందని పక్కింటావిడ తరువాత చెప్పారు.