బొలోన్యాలో దొరికిన స్వయంభూ గాంధారం

మిలాన్‌లో పొద్దున్నే రైలెక్కి బొలోన్యాలో దిగి, తిన్నగా సాన్ పెట్రోనియో చర్చికి నడిచాను. ముఖద్వారం వైపు గోడకి సగం దాకానే పాలరాయి, పైనంతా ఉత్త ఇటుకే. లోపల 1655లో ఖగోళ శాస్త్రవేత్త కస్సీని గీయించిన సూర్యరేఖ (కప్పులోని కన్నంలోంచి పడే మధ్యాహ్నపు ఎండ తాకే నేల మీది గీత) చుట్టూ జనం మూగి ఉన్నారు. నేను వెళ్లింది ఆర్గన్ల కోసం, అంటే మెట్లు నొక్కితే గొట్టాల్లోకి గాలి వెళ్లి మోగే పెద్ద వాద్యాల కోసం. అల్తారుకి కుడిపక్కన లొరెంజో ద ప్రాతో 1471-75 మధ్య కట్టినది, దానికెదురుగా బల్దస్సారె మలమీని 1596లో కట్టినది.

పాతదాని మీద ఎవరో సాధన చేస్తున్నారు. స్తంభం పక్కన కూర్చున్నాను. షడ్జం (స) మీద గాంధారం (గ) కలిపి పట్టగానే ఒళ్లు జల్లుమంది. తంబురా మంద్రం తీగ మీటితే అందులోంచి దానంతటదే ఒక గాంధారం పలుకుతుందే, స్వయంభూ గాంధారం అంటాం, అచ్చం అదే! మన హార్మోనియంలో గాంధారం దీనికన్నా దాదాపు 14 సెంట్లు పైన ఉంటుంది (అరస్వరంలో నూరోవంతు ఒక సెంటు), అందుకే ఆ రెండు మెట్లూ కలిపి నొక్కితే సన్నగా వణుకుతుంది. ఇక్కడ వణుకే లేదు.

అయితే ఆ నిశ్చలత నిలబడేది గాలి మీద. పాత ఇటలీ ఆర్గన్లలో గాలి ఒత్తిడి చాలా తక్కువ, నీటిమట్టం లెక్కలో 50 మిల్లీమీటర్లకి అటూ ఇటూ. గ్లాసు నీళ్లలో స్ట్రాని రెండంగుళాలు ముంచి ఒక బుడగ తెప్పించడానికి పట్టే ఊపిరి, అంతే. ఒత్తిడి పెరిగితే గొట్టం శ్రుతి కాస్త ఎక్కుతుంది, మరీ పెరిగితే పై స్థాయికి దూకేస్తుంది, తగ్గితే దిగుతుంది. అన్ని గొట్టాలూ ఒకేలా దిగవు కాబట్టి కలిసిన గాంధారం కాస్తా విడిపోతుంది. మోటార్లు రాకముందు తిత్తులు తొక్కడానికి మనుషులుండేవారు, వాళ్ల కాలు తడబడితే శ్రుతీ తడబడేది. బయట వాతావరణ పీడనం మారినా శ్రుతికి ఏమీ కాదు గానీ, చలి మాత్రం మారుస్తుంది, ఒక్కో డిగ్రీకి సుమారు 3 సెంట్లు.

సాధన అయ్యాక వెళ్లి పలకరించాను. నా అడ్డదిడ్డం ఇటాలియన్‌కి విసుక్కోకుండా, ఆయన నా కోసం గొట్టాలన్నీ తెరిచి ఒక్కసారి గట్టిగా పట్టారు. అన్నీ ఒకేసారి గాలి లాగేసరికి నాదం ఓ క్షణం లోపలికి కుంగి, మళ్లీ తేరుకుని నిలబడింది, మనిషి ఊపిరి తీసుకున్నట్టే. కొంతమంది దాన్ని లోపం అంటారు, నాకైతే అదే ప్రాణం అనిపించింది.

ఇంకొకటి అడిగాను. గాంధారం అంత శుద్ధంగా రావాలని ఈ ఆర్గన్ శ్రుతిలో ఒక్కటి తప్ప పంచమాలన్నిటినీ (స-ప లాంటి జంటలు) ఐదేసి సెంట్ల పైచిలుకు తగ్గిస్తారు, ఆ బాకీ అంతా చివరికి ఆ ఒక్క పంచమం నెత్తిన పడుతుంది. దాన్ని తోడేలు అంటారు, అది వినిపించమన్నాను. ఆయన నవ్వి ఆ రెండు మెట్లూ నొక్కి, చేతులు తీసేశారు. ఆ ఊళ చర్చి ఆ చివర దాకా వెళ్లి, సూర్యరేఖ దగ్గరున్న వాళ్లంతా తలలు తిప్పి చూశాక కూడా ఇంకా వినిపిస్తూనే ఉంది.