మబ్బేసిన రోజు అరసవల్లిలో

అరసవల్లి సూర్యనారాయణ స్వామి గుడిలో ఏటా మార్చి 9, 10 తేదీల్లో, మళ్లీ అక్టోబరు 1, 2 తేదీల్లో పొద్దున్నే సూర్యకిరణాలు అనివెట్టి మండపం దాటుకుని నేరుగా స్వామి పాదాల మీద పడతాయని శ్రీకాకుళం వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ మాట చెప్పేవాళ్లు మబ్బు సంగతి మాత్రం చెప్పరు. ఓ ఏడాది అక్టోబరు 1న నాలుగింటికే లేచి, అమ్మని బండి మీద ఎక్కించుకుని వెళ్లి జనంలో నిలబడ్డాను. తూర్పంతా మబ్బు. ఆరు దాటింది, ఆరున్నర అయింది, ఏమీ లేదు.

అప్పటికే నా మనసు బాలేదు. ఉద్యోగంలో రాయాల్సిన డిపార్ట్‌మెంటల్ టెస్ట్ రెండుసార్లు తప్పాను. మూడోసారికి రోజూ పొద్దున్న గంటన్నర చదవాలని ఆ ఏడు రథసప్తమి నాడు, నెత్తిన ఏడు జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేస్తూ గట్టిగా అనుకున్నాను. పదకొండు రోజులు చదివాను. పన్నెండో రోజు చుట్టాల పెళ్లి, పదమూడో రోజు ఆ పెళ్లి నిద్ర, పద్నాలుగో రోజు పుస్తకం ముట్టుకోడానికే సిగ్గేసింది. ఎలాగూ తప్పింది కదా, వచ్చే ఒకటో తారీకు నుంచి చూద్దాం అనుకున్నాను. అలాంటి ఒకటో తారీకులు చాలా పోయాయి.

గుడి బయటికొస్తూ అమ్మ "రేపు మళ్లీ వద్దాం" అంది. "మళ్లీ నాలుగింటికా?" అన్నాను విసుగ్గా. "నీకు కనపడలేదని ఆయన రావడం మానేసాడేటిరా?" అని ప్రసాదం నా చేతిలో పెట్టి బండెక్కేసింది.

ఆ రాత్రి గీత ఆరో అధ్యాయం తీస్తే 26వ శ్లోకం దగ్గర ఆగిపోయాను.

యతో యతో నిశ్చరతి మనశ్చంచలమస్థిరమ్ ।
తతస్తతో నియమ్యైతదాత్మన్యేవ వశం నయేత్ ॥

నిలకడలేని మనసు ఎటెటు పోతే అటటు నుంచి మళ్లించి ఆత్మలోనే నిలపాలట. ఇది ధ్యానం చేసేవాడికి చెప్పింది, పరీక్ష రాసేవాడికి కాదు, నిజమే. కానీ ఆ 'యతో యతో', 'తతస్తతో' చూడండి, రెండేసి సార్లు. మనసు పోతుందని కృష్ణుడికి ముందే తెలుసు, ఇన్నిసార్లు పోతే ఇక వదిలెయ్ అని లెక్క కూడా పెట్టలేదు. మనసుని పట్టడం గాలిని పట్టడమంత కష్టం అని 34వ శ్లోకంలో అర్జునుడు మొరపెట్టుకుంటే, సందేహమే లేదు అని ఒప్పుకుని మరీ అభ్యాసం, వైరాగ్యం అని రెండు దారులు చెప్తాడు. అభ్యాసమంటే ఆ పదకొండు రోజులూ చదవడమే అనుకున్నాను. కాదు, పద్నాలుగో రోజున సిగ్గుపడుతూనే పుస్తకం తీయడం అని ఆ రాత్రి అనిపించింది. ఇక వైరాగ్యం, పండితులు ఏమంటారో గానీ, నాకు పనికొచ్చింది ఒక్కటే: ఒక్క రోజూ తప్పకుండా సాగాలనే ఆ వరస మీద మమకారం వదిలేయడం.

గంటన్నరని అరగంట చేశాను. పొద్దున్న తప్పితే అదే రాత్రి అన్నం తిన్నాక పది నిమిషాలైనా. క్యాలెండర్లో టిక్కులు పెట్టడం మానేశాను, ఖాళీ గడి చూస్తే టెన్షన్ వచ్చేది. తప్పిన రోజులు ఇప్పటికీ ఉన్నాయి, ఒక పేపరు అయింది, ఇంకోటి మిగిలింది.

మర్నాడు 2న వెళ్లాం. మబ్బు కాస్త విడిచింది, జనం ఒక్కసారిగా కేకేశారు. నా ముందు నిలబడ్డాయన బాగా పొడుగు. అమ్మకి పాదాలు కనిపించాయట, నాకు కేక ఒక్కటే దక్కింది. మార్చి 9కి ఆవిడ అప్పుడే అలారం గురించి అడుగుతోంది.