అయాన్ ఇంజిన్‌కు కరెంటు ఎక్కడి నుంచి తేవాలి?

శ్రీహరికోటలో ప్రయోగం ఉన్న రోజున తిరుపతిలోని మా మేడ మీదికెక్కి తూర్పువైపు చూస్తూ నిలబడటం నాకు ఏళ్ల నాటి అలవాటు. 2017 మే 5న అక్కడి నుంచి వెళ్లిన జీశాట్-9 ఉపగ్రహంలో జినాన్ వాయువుతో పనిచేసే విద్యుత్ చోదక వ్యవస్థ ఉందని తెలిసినప్పటి నుంచి, సౌరకుటుంబాన్ని దాటే ప్రయాణాలకు అలాంటి చిన్న ఇంజిన్లే దారి చూపుతాయని నాకు గట్టి నమ్మకం.

జినాన్ పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టి, మిగిలిన అయాన్లను సన్నని రంధ్రాలున్న గ్రిడ్ల గుండా విద్యుత్ క్షేత్రంతో సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో వెనక్కి చిమ్మడమే గ్రిడ్లున్న అయాన్ ఇంజిన్‌లోని కీలకం. 1998లో వెళ్లిన నాసా నౌక డీప్ స్పేస్-1 ఇంజిన్ గరిష్ఠ బలం 92 మిల్లీన్యూటన్లు. నిన్న రాత్రి రెండు ఏ4 కాగితాలను అరచేతిలో పెట్టుకుని చూశాను. ఇంచుమించు అంతే బలం. ఫ్యాను గాలికి అవి ఎగిరిపోకుండా బొటనవేలితో అదిమి పట్టుకోవలసి వచ్చింది. అయినా అలాంటి ఇంజిన్లతోనే, ఏళ్ల తరబడి నెమ్మదిగా తోసుకుంటూ, డాన్ నౌక తన వేగాన్ని మొత్తం మీద సెకనుకు 11 కిలోమీటర్ల మేర మార్చుకుని, అంగారక, గురు గ్రహాల మధ్య తిరిగే వెస్టా, సెరిస్‌ల చుట్టూ తిరిగింది.

సౌరకుటుంబం నుంచి బయటికి వెళ్తున్న వాయేజర్-1 నౌక వేగం సెకనుకు 17 కిలోమీటర్లు. మనకు 100 కావాలంటే, 30 కిలోమీటర్ల వేగంతో చిమ్మే ఇంజిన్‌కు కిలో నౌకకు 27 కిలోల ఇంధనం పడుతుంది. 2006లో ఐరోపా అంతరిక్ష సంస్థ, ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయం కలిసి పరీక్షించిన నాలుగు గ్రిడ్ల ఇంజిన్ 210 కిలోమీటర్ల వేగంతో చిమ్మింది. దానికైతే సుమారు 600 గ్రాములు చాలు.

అయితే అదే బలానికి కరెంటు ఏడు రెట్లు కావాలి. అసలు చిక్కు ఇక్కడే ఉంది. భూమి దగ్గర చదరపు మీటరుకు 1361 వాట్లుగా ఉండే సూర్యకాంతి నెప్ట్యూన్ దగ్గర ఒకటిన్నర వాటుకు పడిపోతుంది కనుక సౌర ఫలకాలతో పని జరగదు. వాయేజర్ అణు బ్యాటరీలు మొదట్లో ఇచ్చింది 470 వాట్లే. డీప్ స్పేస్-1 ఇంజిన్ ఒక్కటే పూర్తి బలానికి 2,300 వాట్లు తీసుకునేది. అణు రియాక్టర్ తప్పదు, దాని వేడిని శూన్యంలోకి వదిలే రేడియేటర్ల బరువూ తప్పదు. అందుకే కొత్త ఇంజిన్ వార్త ఏది కనిపించినా, దానికి కరెంటు ఇచ్చే యంత్రం కిలో బరువుకు ఎన్ని వాట్లు ఇస్తుందన్నదే నేను మొదట వెతుకుతాను.

ఆ 100 కిలోమీటర్ల వేగం వచ్చినా, సూర్యుడికి అతి దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీకి 12 వేల ఏళ్లకు పైగా పడుతుంది. కానీ సూర్యుడి గురుత్వం దూరపు నక్షత్రాల కాంతిని ఒకచోటికి చేర్చే ప్రాంతం, అంటే భూమి-సూర్యుల మధ్య దూరానికి 550 రెట్ల దూరం, ఆ వేగంతో 26 ఏళ్ల ప్రయాణమే. ఈ ఏడాది ఇంజినీరింగులో చేరిన మా అన్నయ్య కూతురు అలాంటి నౌక మీద పనిచేసి పంపగలిగితే, అది అక్కడికి చేరడాన్ని తానే చూడగలుగుతుంది.