పండు ఊపిరి లెక్క

గుండెజబ్బు ఉన్న ముసలి కుక్కను ఇంటికి తెచ్చుకుంటామనగానే మా వాళ్లందరూ అడిగింది ఒకటే: "ఎన్నాళ్లుంటుందని?" దానికి జవాబు డాక్టరుగారి దగ్గర కూడా లేదు. ఉన్నన్నాళ్లూ వాడికి ఆయాసం లేకుండా చూసుకోగలమా అన్నదే నా ఆలోచన. చూసుకోవచ్చు. మేం ఎలా నెట్టుకొచ్చామో రాస్తున్నాను, ఇంకెవరికైనా ధైర్యం వస్తుందని.

పండు తెల్ల పమేరియన్. విశాఖలో ఎండాడ దగ్గర హైవే పక్కన తిరుగుతుంటే, వీధి జంతువులను కాపాడే కుర్రాళ్లు కొందరు పట్టుకొచ్చారు. మెడ చుట్టూ వెంట్రుకలు అరిగిపోయి బెల్టు అచ్చు తెలుస్తూ ఉండేది. అంటే ఏళ్ల తరబడి ఎవరింట్లోనో పెరిగినవాడే. తిండీ నీళ్లూ దొరక్క అల్లాడేలా జంతువును వదిలెయ్యడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. ఆ అచ్చు చేతికి తగిలినప్పుడల్లా నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

మొదట ఒప్పుకున్నది ఫోస్టర్‌గానే. పెంచుకునేవాళ్లు దొరికేదాకా మా ఇంట్లో ఉంటాడు. తిండీ ఆలనాపాలనా మావి, వైద్యం ఖర్చు ఆ కుర్రాళ్లది. ఫారం నింపించుకున్నారు, సీతమ్మధారలో మా ఫ్లాట్‌కి వచ్చి బాల్కనీ గ్రిల్లు సందులు కూడా చూసి వెళ్లారు. మేమూ కొన్ని అడిగి రాయించుకున్నాం: ఏ ఆస్పత్రికి తీసుకెళ్లాలి, అర్ధరాత్రి ఎమర్జెన్సీ వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి, వాళ్లు అందకపోతే మేం డబ్బు కట్టి తర్వాత తీసుకోవచ్చా. ఈ మూడూ ముందే తేల్చుకోండి.

అపార్టుమెంటులో ఒకరిద్దరు అభ్యంతరం చెప్పారు. పెంపుడు కుక్కలను అసోసియేషన్లు నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కాగితం ప్రింటు తీసి, రేబిస్ టీకా కార్డుతో కలిపి సెక్రటరీగారికి ఇచ్చాను. లిఫ్టులో ఎత్తుకునే దింపుతామని మాటిచ్చాం. గొడవ అక్కడితో సద్దుమణిగింది.

ఇక జబ్బు సంగతి. చిన్న జాతి కుక్కల్లో వయసు మళ్లాక ఎక్కువగా వచ్చేది మైట్రల్ కవాటం జబ్బు. గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే కవాటం దళసరెక్కి సరిగ్గా మూసుకోదు, రక్తం వెనక్కి కారుతుంది. స్టెతస్కోపు పెడితే గుండె చప్పుడు మధ్య మర్మర్ అనే అదనపు శబ్దం వినిపించేది అందుకే. ఎకో (గుండెకి తీసే స్కానింగు) తీస్తే పండు గుండె అప్పటికే పెద్దదైందనీ, ఊపిరితిత్తుల్లోకి మాత్రం ఇంకా నీరు చేరలేదనీ తెలిసింది. ఈ దశలో పిమోబెండాన్ అనే గుండె మాత్ర మొదలుపెడితే గుండె ఫెయిలయ్యే పరిస్థితి సుమారు 15 నెలలు ఆలస్యమవుతుందని 2016లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం తేల్చిందని డాక్టరుగారు చెప్పారు. మా ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ వయసు కుక్కకి అది తక్కువ కాలమేం కాదు.

ఈ మాత్ర తిండికి గంట ముందు, పరగడుపున వెయ్యాలి. కాబట్టి అన్నంలో కలిపేస్తే కుదరదు. ఇడ్లీ పిసరులో పెడితే పండు ఇడ్లీ నాకేసి మాత్రను నేల మీద వదిలేసేవాడు. చివరికి చేత్తో వెయ్యడమే అలవాటు చేసుకున్నాం. ఎడమచేత్తో పైదవడ పట్టుకుని, కోరపన్ను వెనక ఖాళీలో బొటనవేలు పెడితే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. మాత్రను నాలుక మీద వీలైనంత వెనక్కి పెట్టి, నోరు మూసి, గొంతు కింద మెల్లగా నిమరాలి. వాడు నాలుక బయటికి తీసి ముక్కు నాక్కున్నాడంటే మింగినట్టు. తర్వాత సిరంజితో కాసిని నీళ్లు. మామగారి బీపీ మాత్రకీ పండు మాత్రకీ ఒకే టైము పెట్టుకున్నాం, ఎవరూ మర్చిపోరు.

అన్నిటికంటే ముఖ్యం, పైసా ఖర్చు లేనిది, ఊపిరి లెక్కపెట్టడం. బాగా నిద్రపోతున్నప్పుడు ఛాతీ ఒకసారి లేచి దిగితే ఒకటి. 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో హెచ్చవేస్తే నిమిషానికి ఎన్నో తెలుస్తుంది. కలలో కాళ్లు ఆడిస్తున్నప్పుడు లెక్కపెట్టకూడదు. 30 లోపుంటే ఫర్వాలేదు. పండుకి మామూలుగా ఇరవై అటూ ఇటూ ఉండేది. రోజూ క్యాలెండరు గడిలో రాసేదాన్ని. ఒక రాత్రి 40 దాటింది. దగ్గు లేదు, అరుపు లేదు. కానీ పడుకోవడం లేదు. మోచేతులు ఎడంగా పెట్టి, మెడ చాపి కూర్చున్నాడు. తెల్లారేదాకా ఆగకుండా ఆటో మాట్లాడుకుని వెళ్లిపోయాం. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం మొదలైందట. ఆక్సిజన్ పెట్టి, ఒంట్లో నీరు ఉచ్చ ద్వారా బయటికి పంపే ఫ్యూరోసెమైడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. తెల్లారేసరికి తల వాల్చి పడుకున్నాడు. నేనప్పుడు ఏడ్చాను.

అప్పటినుంచి ఫ్యూరోసెమైడ్ మాత్ర కూడా చేరింది. దీనివల్ల నీళ్లు తెగ తాగుతారు, పదేపదే ఉచ్చ పోస్తారు. ఇల్లు తడిసిపోతోందని నీళ్ల గిన్నె తీసేస్తే మాత్రం ప్రమాదం, కిడ్నీలు దెబ్బతింటాయి. పాత పేపర్లు పరిచాం, కిందికి తీసుకెళ్లడం పెంచాం. టైల్స్ మీద కాళ్లు జారకుండా వాడు నడిచే దారంతా రబ్బరు మ్యాట్లు వేశాం. మెడకి బెల్టు మానేసి ఛాతీకి కట్టే హార్నెస్ వాడుతున్నాం, గొంతు మీద ఒత్తిడి పడితే దగ్గు ఎక్కువవుతుంది. మన ఊరి ఉక్కపోత ఎండాకాలంలో ఈ గుండెకి చాలా కష్టం, నడకంతా తెల్లవారుజామునే.

ఉప్పు దగ్గర అందరినీ ఒప్పించాల్సొచ్చింది. పక్కింటి పిన్నిగారు ఎండు నెత్తళ్లు పట్టుకొచ్చి, "ఏటమ్మా, పాపం దాని నోరు కట్టేసీసినారేటి?" అన్నారు. ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలుస్తుందని, ఆ రాత్రి వాడు పడ్డ ఆయాసం ఎలా ఉందో చెప్పాను. ఇప్పుడు ఉడకబెట్టిన గుమ్మడికాయ ముక్కలు తెస్తున్నారు. పాయసంలో కిస్‌మిస్, కూరలో ఉల్లిపాయ ఏ కుక్కకీ పెట్టకూడదని కూడా అప్పుడే అందరికీ చెప్పాను.

పెంచుకుంటామని కొందరు వచ్చారు, మందుల చీటీ చూసి ఆగిపోయారు. వాళ్లను తప్పుపట్టను, నెలకి మూడు వేల దాకా మందులకే పోతుంది, ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి. "పొద్దున్న మాత్ర ఎలా వెయ్యాలో ఇంకొకరికి నేర్పడం ఎందుకు, మనమే వేద్దాం" అన్నారు మా ఆయన. నేను ఎదురుచూస్తున్న మాట అదే. దత్తత కాగితం మీద ఇద్దరం సంతకం పెట్టాం, ఖర్చు పూర్తిగా మా మీదికి తీసుకున్నాం.

వచ్చే నెల మళ్లీ రక్తపరీక్ష. కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ నిలకడగా ఉంటే మాత్రలు ఇదే మోతాదులో కొనసాగిస్తామన్నారు డాక్టరుగారు.