ముందు బొమ్మ గియ్యి

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇళ్లల్లో హోంవర్క్ గొడవలు దాదాపు ఒకేలా మొదలవుతాయి. పిల్లాడు ఫిజిక్స్ లెక్క పట్టుకొస్తాడు. ఎంసెట్ రాసొచ్చిన నాన్న రెండు లైన్లలో ఆన్సర్ తేల్చేస్తాడు. "మా టీచర్ ఇలా చెప్పలేదు" అంటాడు పిల్లాడు. ఇక ఇద్దరికీ టెన్షన్.

న్యాయం పిల్లాడి వైపే ఉందంటాను నేను. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) ఫిజిక్స్ 1 అంటే ఇక్కడ హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు. ఆ పరీక్షలో ఫార్ములాల షీట్ వాళ్లే ఇస్తారు. సగం మార్కులు నాలుగు పెద్ద ప్రశ్నలవి. అక్కడ బొమ్మ, కారణం, మాటల్లో వివరణ అన్నీ చూస్తారు. వట్టి ఆన్సర్‌తో గిట్టుబాటు కాదు.

మా ఇంట్లో లెక్కల డ్యూటీ నాది. ముందు బొమ్మ, తర్వాతే ఫార్ములా. మొన్న పెద్దాడికి వాలు పలక మీద 5 కిలోల పెట్టె లెక్క వచ్చింది. వాలు 30 డిగ్రీలు, ఘర్షణ లేదు. పెట్టెను పలక వెంబడి లాగే బలం ఎంత?

"ఫార్ములాలో వచ్చేది సైనా, కాసా అమ్మా?"

చెప్పెయ్యడం క్షణం పని. చెప్పలేదు. "పలకను మెల్లగా కిందికి దించుకుంటూ రా. పూర్తిగా చదునైపోతే పెట్టె జారుతుందా?"

"జారదు."

"మరి కోణం సున్నా అయితే ఏది సున్నా అవుతుంది?"

"సైన్!" అని, 24.5 న్యూటన్లు రాసుకున్నాడు.

అంతటితో వదల్లేదు వాడు. కింద పలక మూలలో ఉన్న 30 డిగ్రీలు పైన పెట్టె దగ్గరికి ఎలా వచ్చాయట? మంచి అనుమానం. మనలో చాలామంది అది అడక్కుండానే ఇంటర్ దాటేశాం. జవాబు జామెట్రీ చదువుతున్న చెల్లెలి దగ్గరుంది. బరువు బాణం నేలకు లంబం, రెండో గీత పలకకు లంబం. చిన్నది ఆ రెండిటినీ పొడిగించి, లంబకోణ త్రిభుజం చూపించి, 90లోంచి 60 తీసేసింది. అన్నయ్యకి పాఠం చెప్పానన్న సంబరం దానికి ఆ వారమంతా తగ్గలేదు.

దాని నోట్సులో ప్రతి నిరూపణా రెండు కాలమ్స్‌లో ఉంటుంది: ఎడమవైపు స్టేట్‌మెంట్, కుడివైపు రీజన్. తెలుగు మీడియంలో దత్తాంశం, సారాంశం, ఉపపత్తి అంటూ రాసినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. వీళ్ల ఎస్ఏఎస్సే మన భు.కో.భు.: రెండు భుజాలు, వాటి మధ్య కోణం సమానమైతే రెండు త్రిభుజాలూ ఒకటే. వీడియో కాల్‌లో తాతయ్య దాన్ని పట్టుకున్నారు: "ఏమ్మా, కోణం మధ్యలో లేకపోతే ఎందుకు చెల్లదు?" అది ఒక కోణం గీసి, దాని ఒక భుజం చివర కంపాస్ ముల్లు గుచ్చి చాపం గీసింది. చాపం అడుగు గీతను రెండు చోట్ల కోసింది. అవే కొలతలు, రెండు వేర్వేరు త్రిభుజాలు. ఆయన మళ్లీ ఇంకేమీ అడగలేదు.

ఇక్కడి చదువుతో నాకున్న పేచీ సాధన చాలదని. ఒక్కో రకం లెక్క రెండు మూడు చేయించి వదిలేస్తారు. అందుకే శనివారం పొద్దున ఇంకో పది ఇస్తాను. గొణుగుతారు, చేస్తారు.

బొమ్మ గీసే అలవాటు క్యాలిక్యులేటర్ దగ్గర కూడా అక్కరకొస్తుంది. టీఐ-84 కోణాన్ని డిగ్రీల్లో కాక రేడియన్లలో కొలిచే మోడ్‌లో ఉండిపోతే సైన్ 30 అంటే 0.5 బదులు మైనస్ 0.988 చూపిస్తుంది. "ఏరా, పెట్టె పైకి జారుతోందా?" అంటే చాలు, పెద్దాడు నాలుక కరుచుకుని మోడ్ బటన్ వెతుక్కుంటాడు.